ఒమేగా సెంటారీ కేంద్రం తెల్లటి ముద్దగా వస్తోంది: లోపం ఎక్స్‌పోజర్‌లో ఉందా, ప్రాసెసింగ్‌లో ఉందా?

పెరటి_ఆకాశం (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఏడాదిగా నెబ్యులాలను (అంతరిక్షంలోని వాయుమేఘాలను) ఫోటో తీస్తూ కొంత అనుభవం సంపాదించాక, ఈ వేసవిలో గోళాకార నక్షత్రగుచ్ఛాల మీద దృష్టి పెట్టాను. నా దగ్గర 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ దూరదర్శిని (ఫోకల్ లెంగ్త్ 1000 మిల్లీమీటర్లు), ఆకాశం తిరుగుడును అనుసరించే ఈక్వటోరియల్ మౌంట్, ఆ అనుసరణను సరిచూసే గైడ్ కెమెరా, ఫ్రేము అంచుల్లో నక్షత్రాలు సాగకుండా చూసే కోమా కరెక్టర్, కూలింగ్ లేని మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉన్నాయి. కెమెరా పిక్సెల్ పరిమాణం 4.3 మైక్రాన్లు.

ఏప్రిల్ చివరి వారంలో మా డాబా మీది నుంచి, రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పది వరకు, ఒమేగా సెంటారీ అనే గుచ్ఛాన్ని 120 సెకన్ల చొప్పున 40 ఫ్రేములు తీశాను. ఐఎస్‌ఓ 1600 పెట్టాను. అదే రాత్రి రెండు గంటల ప్రాంతంలో, నడినెత్తికి కొంచెం ఉత్తరంగా వచ్చిన ఎం13 అనే మరో గుచ్ఛాన్ని కూడా అదే పద్ధతిలో తీశాను. స్టాకింగ్ (ఫ్రేములన్నిటినీ కలిపి ఒకే చిత్రంగా చేయడం) అయ్యాక చూస్తే రెండింటిలోనూ అంచుల్లోని నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తున్నాయి కానీ, మధ్యభాగం మాత్రం తెల్లటి ముద్దలా ఉంది. కంటితో ఐపీస్‌లో చూసినప్పుడు ఎం13లో కేంద్రం దాకా సూదిమొనల్లాంటి చుక్కలు మెరుస్తూ కనిపించాయి. కంటికి కనిపించినంత కూడా కెమెరాకు ఎందుకు దక్కడం లేదన్నదే నా బాధ.

ఒమేగా సెంటారీలో మరో ఇబ్బంది కూడా ఉంది. ప్రతి నక్షత్రానికీ పై అంచున నీలం, కింది అంచున ఎరుపు కనిపిస్తున్నాయి. ఎం13లో ఆ లక్షణం లేదు. అద్దాల దూరదర్శినిలో రంగుల దోషం ఉండదని చదివాను కాబట్టి ఇది ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కావడం లేదు. పరికరాలు అమ్మే ఒకరిని అడిగితే, కాంతి కాలుష్యాన్ని ఆపే ఫిల్టర్ కొంటే అన్నీ సర్దుకుంటాయని చెప్పారు. దాని ధర తక్కువేమీ కాదు. కొనేముందు ఇక్కడి అనుభవజ్ఞుల సలహా తీసుకోవాలనిపించింది.

---

చుక్కల_లెక్క (హైదరాబాదు)

ఫిల్టర్ కొనకండి. ఆ మాట ముందే చెప్పి మిగతా విషయాల్లోకి వెళ్తాను.

కొన్ని నెబ్యులాలు కొన్ని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యాల్లోనే వెలుగుతాయి కాబట్టి, ఆ కాంతిని మాత్రం రానిచ్చి మిగిలినదాన్ని ఆపే ఫిల్టర్ వాటికి మేలు చేస్తుంది. నక్షత్రగుచ్ఛం అలాంటిది కాదు. అందులో ఉన్నవన్నీ నక్షత్రాలే, వాటి కాంతి నీలం నుంచి ఎరుపు వరకు ఎడతెగకుండా పరుచుకుని ఉంటుంది. ఫిల్టర్ వీధిదీపాల కాంతితోపాటు ఆ నక్షత్రకాంతిని కూడా కోసేస్తుంది, రంగుల పొందిక చెడిపోతుంది. పైగా ఇప్పుడు ఊళ్లలో సోడియం దీపాల స్థానంలో తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి, వాటి కాంతి కూడా వర్ణపటమంతా వ్యాపించేదే కావడంతో ఆ ఫిల్టర్లకు ఆపడానికి ప్రత్యేకంగా ఏదీ మిగలలేదు. నగరం మధ్య నుంచి కూడా చక్కగా తీయగలిగిన దూరాకాశ వస్తువులు ఏవైనా ఉన్నాయంటే, అవి ఈ గుచ్ఛాలే.

ఇక తెల్లటి ముద్ద సంగతి. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు, ఏది మీదో తెలుసుకోకుండా మందు వేయకూడదు. స్టాక్ చేసిన చిత్రాన్ని పక్కన పెట్టి, ఒక్క రా ఫ్రేమును సిరిల్ అనే ఖగోళ చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్ట్రెచ్ చేయకుండా (అంటే మసక వెలుగును పైకి లాగకుండా) కేంద్రంలోని పిక్సెళ్ల విలువలు చూడండి. 14 బిట్ల కెమెరాలో గరిష్ఠ విలువ 16,383, కొన్ని మోడళ్లలో అంతకంటే కొంచెం ముందే ఆగిపోతుంది. కేంద్రమంతా ఆ గరిష్ఠ విలువ దగ్గరే నిలిచిపోయి ఉంటే, అక్కడి సమాచారం కెమెరాలోనే పోయింది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. విలువలు అంతకంటే తక్కువగా, ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రకంగా ఉంటే, నక్షత్రాలు మీ ఫైలులో భద్రంగానే ఉన్నాయి. స్ట్రెచ్ చేసేటప్పుడు మీరే వాటిని తెలుపులో ముంచేశారని అర్థం.

నా అంచనా ప్రకారం మీకు రెండూ కొంతకొంత జరిగి ఉంటాయి. నెబ్యులాలకు అలవాటుపడిన చెయ్యి మసక వెలుగును పైకి లాగడానికి హిస్టోగ్రామ్‌ను (పిక్సెళ్ల వెలుగుల పట్టికను) గట్టిగా సాగదీస్తుంది. నెబ్యులాలో మనం వెతికేది మసక భాగాన్ని, గుచ్ఛంలో వెతికేది ఒక చుక్కకూ పక్క చుక్కకూ మధ్య ఉన్న సన్నటి చీకటి సందును. ఆ సందు మిగిలితేనే నక్షత్రాలు విడివడతాయి. అందువల్ల ఎక్స్‌పోజర్‌ను తగ్గించండి. మీ ఎఫ్/5కి 20 సెకన్లు, ఐఎస్‌ఓ 800 సరిపోతాయి. ఐఎస్‌ఓ పెంచినకొద్దీ కెమెరా అందుకోగల వెలుగు పరిధి కుంచించుకుపోతుంది, 1600 వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. మీరు తీసిన 80 నిమిషాలనే 20 సెకన్ల చొప్పున 240 ముక్కలు చేయండి, మొత్తం కాంతి అంతే వస్తుంది. ఊరి ఆకాశంలో నేపథ్యపు వెలుగు ఎక్కువ కాబట్టి, ఇంత చిన్న ఎక్స్‌పోజర్‌లో కూడా కెమెరా రీడ్ నాయిస్ (ఫ్రేమును చదివేటప్పుడు కెమెరా చేర్చే గజిబిజి) ఆ వెలుగు ముందు లెక్కలోకి రాదు.

చిన్న ముక్కల వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. గాలి వీచినప్పుడు, పక్కింటి ఏసీ వేడిగాలి ఎగజిమ్మినప్పుడు, సీయింగ్ (పైగాలి నిలకడ) చెడినప్పుడు ఒక ఫ్రేమును పారేస్తే 20 సెకన్లే పోతాయి. స్టాకింగ్‌కు ముందు ఫ్రేములను ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం ప్రకారం, అంటే నక్షత్రపు వెడల్పు ప్రకారం, వరుసలో పెట్టి, మెరుగైన మూడింట రెండు వంతులను మాత్రమే ఉంచండి. చేతికి వచ్చిన ఫ్రేమును పారేయడానికి మనసొప్పదు, నాకూ అంతే. అయినా గుచ్ఛాల విషయంలో వాడిగా ఉన్న 50 నిమిషాలు మసకబారిన 80 నిమిషాల కంటే ఎంతో విలువైనవి.

స్ట్రెచ్ విషయానికి వస్తే, సిరిల్‌లోని ఆర్క్‌సైన్‌హెచ్ పద్ధతితో మొదలుపెట్టండి. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను ఒకే నిష్పత్తిలో పెంచుతుంది కాబట్టి నక్షత్రాల రంగు నిలుస్తుంది. ఈ గుచ్ఛాల అందంలో సగం ఆ రంగుల్లోనే ఉంది. వృద్ధాప్యంలో ఉబ్బిన ఎర్ర దిగ్గజాలు నారింజ, పసుపు రంగుల్లోనూ, ఆ దశ దాటి కేంద్రంలో హీలియంను మండించుకుంటున్నవాటిలో వేడెక్కినవి నీలి రంగులోనూ కనిపిస్తాయి. మామూలు స్ట్రెచ్ చేస్తే అవన్నీ తెల్లబడిపోతాయి.

---

దక్షిణ_దిక్కు (తిరుపతి)

పై సలహాలన్నిటితో ఏకీభవిస్తున్నాను. రంగు అంచుల సంగతి మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే ఆ సమస్యతో నేను రెండు వేసవులు గడిపాను.

దోషం మీ దూరదర్శినిలో లేదు, వాతావరణంలో ఉంది. ఒమేగా సెంటారీ దక్షిణ క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి దక్షిణంగా ఉన్న దూరం) దాదాపు 47.5 డిగ్రీలు. హనుమకొండ అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి, అది మీకు ఎంత పైకి వచ్చినా దక్షిణ దిగంతం నుంచి 24.5 డిగ్రీలకు మించి లేవదు. నాకు తిరుపతిలో 29 డిగ్రీల దాకా వస్తుంది, ఆ నాలుగున్నర డిగ్రీలకే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అంత వాలుగా వచ్చే కాంతి దట్టమైన గాలిపొర గుండా ప్రయాణిస్తూ, పట్టకంలో వంగినట్టు వంగుతుంది. నీలం ఎక్కువగా, ఎరుపు తక్కువగా వంగుతాయి కాబట్టి నక్షత్రపు నీలి ప్రతిబింబం కాస్త పైన, ఎర్ర ప్రతిబింబం కాస్త కింద పడతాయి. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. 20 డిగ్రీల ఎత్తులో ఈ ఎడం రెండు ఆర్క్ సెకన్లకు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) మించి ఉంటుంది. మీ కెమెరా, దూరదర్శినుల జోడీలో ఒక్క పిక్సెల్ దాదాపు 0.9 ఆర్క్ సెకన్లు కాబట్టి, రెండు మూడు పిక్సెళ్ల మేర రంగులు జరిగినట్టు. ఎం13 మీకు 70 డిగ్రీలకు పైన ఉంటుంది, అందుకే దానిలో ఈ దోషం కనిపించలేదు.

దీనికి మొదటి మందు సమయపాలన. ఏప్రిల్ చివరలో ఒమేగా మీ మధ్యాహ్నరేఖను (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే రేఖను) దాటేది రాత్రి 11 గంటలు దాటాక. మీరు ఎనిమిదిన్నరకు మొదలుపెట్టినప్పుడు అది 15 డిగ్రీల ఎత్తులోనే ఉంది, పదికి ఆపేసినప్పుడు అది ఇంకా పైకి వస్తూనే ఉంది. మధ్యాహ్నరేఖకు అటొక గంట, ఇటొక గంట తీస్తే దాని ఎత్తు 23 డిగ్రీలకు తగ్గదు. ఏ యాప్ లేకపోయినా చిత్తా నక్షత్రాన్ని చూసి ఈ సమయాన్ని పట్టుకోవచ్చు. చిత్త, ఒమేగా దాదాపు ఒకే విషువాంశం (ఆకాశంలో తూర్పు పడమరల కొలత) మీద ఉన్నాయి. చిత్త నడిదక్షిణానికి వచ్చిన వేళ, దానికి సూటిగా 36 డిగ్రీల కింద ఒమేగా ఉంటుంది. మా తాతగారు కార్తెలు లెక్కపెట్టడానికి నేర్పిన చుక్క ఇప్పుడు నా కెమెరాకు గడియారమైంది.

రెండో మందు ప్రాసెసింగ్‌లో ఉంది. స్టాక్ చేసిన చిత్రాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లుగా విడదీసి, నక్షత్రాల ఆధారంగా ఎరుపునూ నీలాన్నీ ఆకుపచ్చ మీదికి జరిపి, మళ్లీ కలపండి. సిరిల్‌లో దీనికి ఆర్‌జీబీ అలైన్‌మెంట్ అనే సదుపాయం ఉంది. ఒక్కో ఛానెల్ లోపల జరిగే కొద్దిపాటి సాగుదల మిగులుతుంది కానీ, కంటికి నొప్పించే రంగు అంచులు పోతాయి. ఈ రంగుల ఎడాన్ని సరిదిద్దడానికి గ్రహాల ఫోటోలకు వాడే డిస్పర్షన్ కరెక్టర్ గురించి ఎవరైనా చెప్పవచ్చు. ఇంత వెడల్పైన ఫ్రేముకు, కోమా కరెక్టర్‌తో కలిపి దాన్ని అమర్చడం నా దృష్టిలో వృథా శ్రమ.

డాబా గురించి ఒక్క మాట. మన వేసవిలో పగలంతా కాలిన కాంక్రీటు శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. దూరదర్శిని ముందే గాలి కదులుతుంటే నక్షత్రాలు ఉబ్బక తప్పదు, కేంద్రంలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వీలైతే పెరట్లో మట్టి మీదికి దిగండి. దక్షిణాన చెట్లూ ఇళ్లూ అడ్డమై డాబా తప్పదనుకుంటే, వేసవిలో పడకలు వేసుకునే ముందు చేసినట్టే, సాయంత్రం డాబా అంతా రెండు సార్లు నీళ్లు చల్లండి. దూరదర్శిని గొట్టాన్ని గంట ముందే బయట పెట్టి అద్దాన్ని చల్లబడనివ్వండి. ఫోకస్‌ను బాటినోవ్ మాస్క్‌తో (ఫోకస్ కుదిరిందో లేదో చూపే చీలికల మూతతో) సరిచూసి, గంటకొకసారి మళ్లీ చూడండి. నేనైతే ఏడాదికి ఒకసారి హార్స్‌లీ హిల్స్‌కు వెళ్తాను. సుమారు 1,260 మీటర్ల ఎత్తులో కింది దుమ్ముపొర చాలావరకు తప్పుతుంది, అక్కడ ఒమేగా నా కంటికే మసక మచ్చగా కనిపించింది.

---

పెరటి_ఆకాశం (హనుమకొండ)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఫిల్టర్ ఆలోచన మానుకున్నాను. మీరు చెప్పినవి ఒక్కొక్కటీ చేసి చూసి ఇప్పుడు రాస్తున్నాను.

పాత ఎం13 ఫ్రేమును సిరిల్‌లో తెరిస్తే, ప్రకాశవంతమైన దిగ్గజాలు కొన్ని గరిష్ఠ విలువను తాకాయి కానీ, కేంద్రం మొత్తంగా తాకలేదు. అంటే చాలావరకు స్ట్రెచ్‌లోనే తప్పు చేశాను. అవే ఫ్రేములను ఆర్క్‌సైన్‌హెచ్‌తో మళ్లీ చేస్తే కేంద్రంలో చుక్కలు విడివడ్డాయి. మూడు సన్నటి చీకటి చారలు ఒకచోట కలిసే ప్రొపెల్లర్ ఆకారం గురించి చదివాను, అది కూడా లీలగా తెలుస్తోంది. ఫ్రేము మూలలో ఎన్‌జీసీ 6207 గెలాక్సీ ఉన్న సంగతి ఇంతకాలం గమనించనే లేదు.

మే రెండో వారంలో ఒమేగాను మళ్లీ తీశాను. ఈసారి డాబా మీద నీళ్లు చల్లి, రాత్రి తొమ్మిదింపావు నుంచి పదకొండు వరకు, 20 సెకన్లవి 240 ఫ్రేములు తీసి, వాటిలో 165 మాత్రమే ఉంచుకున్నాను. ఛానెళ్లను సర్దాక రంగు అంచులు పోయాయి. కేంద్రంలో ఇసుక పోసినట్టు నక్షత్రాలు కనిపిస్తున్నాయి, నారింజ రంగు దిగ్గజాలను లెక్కపెట్టగలుగుతున్నాను. అయితే ఈ చిత్రం ఎం13 అంత వాడిగా లేదు, నేపథ్యంలో రంగురంగుల మచ్చలు కూడా ఉన్నాయి. ఇంతకంటే మెరుగుపరచడం మా ఊరి నుంచి సాధ్యమేనా?

---

దక్షిణ_దిక్కు (తిరుపతి)

ఆ మచ్చలు వేడెక్కిన సెన్సర్ వల్ల వచ్చినవి. మే నెలలో రాత్రి కూడా 30 డిగ్రీలుంటే కూలింగ్ లేని కెమెరా అలాగే ప్రవర్తిస్తుంది. ఆ మచ్చలను తీసివేయడానికి వాడే డార్క్ ఫ్రేములను వేరే రోజు చల్లటి గదిలో కాకుండా, అదే రాత్రి, అదే డాబా మీద, మూత పెట్టి తీయండి. ప్రతి నాలుగైదు ఫ్రేములకు ఒకసారి డిథరింగ్ (ఫ్రేమును కొద్దిగా పక్కకు జరపడం) జరిగేలా గైడింగ్ సాఫ్ట్‌వేర్‌లో అమర్చండి. 20 సెకన్లకు గైడింగ్ అవసరం లేదనిపించినా, డిథరింగ్ కోసమైనా దాన్ని నడపడం మంచిది.

వాడితనం విషయంలో మాత్రం, 24 డిగ్రీల ఎత్తు నుంచి ఎం13 లాంటి చిత్రాన్ని ఆశించకండి.

---

యర్రా_ఒడ్డున (మెల్‌బోర్న్)

మాది గుంటూరు, పదేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఒమేగా సెంటారీ 80 డిగ్రీల ఎత్తుకు, దాదాపు నడినెత్తికి వస్తుంది. 5 అంగుళాల దూరదర్శినితో కూడా, రంగులు సర్దే పని లేకుండా, కేంద్రం దాకా విడివడుతుంది. గుంటూరులో పిట్టగోడ మీద నుంచి కనిపించేదీ ఇదేనా అని మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. కానీ మీరు ముచ్చటపడుతున్న ఎం13 నాకు ఉత్తర దిగంతం మీద 16 డిగ్రీలకు మించి లేవదు, మీ డాబా మీది కష్టాలన్నీ దానితో నాకున్నాయి. రెండింటినీ ఒకే రాత్రి, ఒకే చోటు నుంచి తీసే అవకాశం మీకు ఉంది. దాన్ని తక్కువగా అంచనా వేయకండి.

---

చుక్కల_లెక్క (హైదరాబాదు)

మెల్‌బోర్న్ మిత్రులు చెప్పింది నిజం. ఒమేగాతో కుస్తీ పట్టడంలో తప్పులేదు, సుమారు కోటి నక్షత్రాలున్న గుచ్ఛం అది, మన పాలపుంతకు చెందినవాటిలో అన్నిటికంటే పెద్దది. అయితే ఆకాశం తేటగా ఉన్న ఒక రాత్రిని ఎం3కి కేటాయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

స్వాతి నక్షత్రానికీ, వేటకుక్కల రాశిలోని ప్రకాశవంతమైన తారకూ దాదాపు నడిమధ్యన ఉంటుంది ఎం3. మీ ఊళ్లో దాదాపు 80 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దానిలో రెండు వందలకు పైగా చరనక్షత్రాలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఆర్ఆర్ లైరే తరగతికి చెందినవి. సుమారు అర రోజుకొకసారి వాటి వెలుగు పెరిగి తగ్గుతుంది. చాలావాటిలో తగ్గడం నెమ్మదిగా, పెరగడం వేగంగా జరుగుతుంది, అడుగు నుంచి శిఖరానికి ఒకటి రెండు గంటల్లోనే చేరేవి ఉన్నాయి. వాటి సగటు ప్రకాశం 15, 16 మాగ్నిట్యూడ్ల (ప్రకాశపు కొలత, సంఖ్య పెరిగినకొద్దీ చుక్క మసకగా ఉన్నట్టు) మధ్య ఉంటుంది కాబట్టి, మీ 8 అంగుళాల అద్దానికి అందుతాయి.

మీరు చేయవలసిందల్లా, రాత్రి చీకటిపడింది మొదలు ఐదారు గంటల పాటు 30 సెకన్ల ఫ్రేములు తీస్తూ, ప్రతి ఇరవై నిమిషాలవాటిని ఒక చిత్రంగా స్టాక్ చేసి, అన్నిటినీ ఒకే విధంగా స్ట్రెచ్ చేసి వరుసగా ఆడించడమే. గుచ్ఛంలో అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు వెలుగుతూ ఆరుతూ కనిపిస్తాయి. 120 సెకన్లకు మాడిపోయిన చిత్రంలో ఇది ఎన్నటికీ దొరకదు. మీరిప్పుడు అలవాటు చేసుకున్న చిన్న ఎక్స్‌పోజర్ విలువ పూర్తిగా తెలిసేది ఇక్కడే.

ఇది వినోదం మాత్రమే కాదు. హార్వర్డ్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త సోలన్ బెయిలీ, పెరూలోని అరెకిపాలో తీసిన గాజు పలకల (అప్పటి ఫోటో ప్లేట్ల) మీద ఒమేగా సెంటారీలోని వందకు పైగా చరనక్షత్రాలను గుర్తించి, 1902లో ఆ అధ్యయనాన్ని ప్రచురించారు. ఆ తరహా నక్షత్రాల ఆధారంగానే మరో ఖగోళ శాస్త్రవేత్త హార్లో షాప్లీ గోళాకార గుచ్ఛాల దూరాలను కొలిచి, సూర్యుడు పాలపుంత కేంద్రంలో లేడని 1918 నాటికి చూపించగలిగారు. మన హైదరాబాదులోని నిజామియా వేధశాల కూడా ఆ కాలంలోనే, ఆకాశాన్నంతా గాజు పలకల మీదికి ఎక్కించే అంతర్జాతీయ పథకంలో, దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకున్న పట్టీని ఫోటో తీసి, నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా ప్రచురించింది. బేగంపేట వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఆ పలకలే గుర్తుకొస్తాయి.

జూన్‌లో మబ్బులు పట్టేలోగా మీకు మహా అయితే రెండు మూడు వారాలున్నాయి. చంద్రుడు పెద్దగా లేని రాత్రిని చూసుకోండి. అది తప్పిపోతే, వానలు వెనక్కి తగ్గాక, అక్టోబర్ మధ్యలో రాత్రి ఎనిమిది గంటలకు ఎం15 మీ నెత్తి మీదికి, 84 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దాని కేంద్రం ఎం13 కంటే చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి 10 సెకన్లతో మొదలుపెట్టండి. అప్పటికి డాబా కూడా చల్లబడి ఉంటుంది.

---

పెరటి_ఆకాశం (హనుమకొండ)

ఈ శనివారం అర్ధరాత్రి దాటాక గానీ చంద్రుడు ఉదయించడు. ఏడున్నరకల్లా ఎం3 మీద ఫోకస్ కుదిరేలా, ఐదు గంటలకే గొట్టం బయట పెడతాను. ఎన్ని చుక్కలు మిణుకుమన్నాయో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.